ముందే విరమించే హక్కు: పావగడ పోలీసు, ఫైర్ సిబ్బంది

ప్రభుత్వం నిర్ణయించిన పదవీ విరమణ వయసు రాకముందే, పింఛను హక్కు పోగొట్టుకోకుండా ఉద్యోగం నుంచి తప్పుకోవడాన్ని ముందస్తు పదవీ విరమణ అంటారు. పోలీసు స్టేషన్లలో, ఫైర్ స్టేషన్లలో వాడుకలో ఉన్న పేరు వీఆర్‌ఎస్. ఈ హక్కు ఎవరికి ఎప్పుడు వస్తుంది, వచ్చినప్పుడు చేతికి ఏమి దక్కుతుంది, ఏమి పోతుంది అన్నవి వేరువేరు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు సర్వీసు నిబంధనల్లో ఒక్క వాక్యంలో దొరుకుతుంది. మిగిలినవాటికి జవాబు ఉద్యోగి ఏ రాష్ట్రంలో, ఏ తేదీన చేరాడన్నదాన్ని బట్టి మారిపోతుంది. కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

పావగడ తాలూకా కర్ణాటకదే అయినా దాదాపు అన్ని వైపులా ఆంధ్రప్రదేశ్ భూమే. 2022లో జిల్లాలు విడిపోయాక ఒకవైపు అనంతపురం, మరోవైపు శ్రీ సత్యసాయి జిల్లా దీనికి సరిహద్దులయ్యాయి. ఇంట్లో, సంతలో, పొలంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు. ఆఫీసులో నడిచేది కన్నడ. వాన తక్కువ, ఎండ ఎక్కువ. పావగడ పట్టణంతో పాటు వై.ఎన్. హొసకోట, తిరుమణి, అరసీకెరెలలోనూ పోలీసు స్టేషన్లున్నాయి. హద్దు దాటితే మడకశిర, హిందూపురం, కళ్యాణదుర్గం వైపు ఆంధ్ర పోలీసుల పరిధి మొదలవుతుంది. రెండు వైపులా భాష ఒకటే, ఎండ ఒకటే, చేసే పని ఒకటే. పదవీ విరమణ నిబంధనలు మాత్రం ఒకటి కావు.

ఇక్కడి పోలీసు పని ఎలాంటిదో ముందు చూడాలి. పావగడ శనిమహాత్మ దేవాలయానికి శనివారాల్లో, ముఖ్యంగా శ్రావణమాసంలో, రెండు రాష్ట్రాల భక్తులూ వస్తారు. ఆ రోజుల్లో తెల్లవారుజాము నుంచి రాత్రి వరకూ బందోబస్తు ఉంటుంది. ఎన్నికలొస్తే వంకరటింకరగా సాగే సరిహద్దు పొడుగునా చెక్‌పోస్టులు పెట్టి కాపలా కాయాలి. తిరుమణి ప్రాంతంలో సుమారు 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చాక కాపాడవలసిన ఆస్తి కూడా పెరిగింది. ఇవన్నీ మామూలు రోజుల పనులు.

మామూలు కాని రోజు ఒకటి ఈ తాలూకా చరిత్రలో ఉంది. 2005 ఫిబ్రవరి 10 రాత్రి వెంకటమ్మనహళ్లిలో కర్ణాటక రాష్ట్ర రిజర్వు పోలీసుల శిబిరంపై నక్సలైట్లు దాడి చేశారు. చిక్కమగళూరు జిల్లాలో నక్సలైటు నాయకుడు సాకేత్ రాజన్ పోలీసు కాల్పుల్లో మరణించి అప్పటికి వారం కూడా కాలేదు. బడిలో బస చేసిన ఆ శిబిరంలో పలువురు పోలీసులు ప్రాణాలు కోల్పోయారు. పోలీసు ఉద్యోగాన్ని గుమాస్తా ఉద్యోగంతో ఒకే కొలతలో కొలవలేమని చెప్పడానికి పావగడ ప్రజలకు వేరే సాక్ష్యం అక్కరలేదు.

ప్రాణహాని ఎప్పుడో ఒకసారి వచ్చేది. శరీరం అరిగిపోవడం రోజూ జరిగేది. పోలీసు స్టేషన్లలో 8 గంటల షిఫ్టులు పెట్టాలంటే ఎంతమంది సిబ్బంది కావాలో తేల్చడానికి కేంద్ర పోలీసు పరిశోధనా సంస్థ కోసం హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఒక అధ్యయనం చేసి 2014లో నివేదిక ఇచ్చింది. స్టేషన్ సిబ్బందిలో సుమారు 90 శాతం మంది రోజుకు 8 గంటలకు మించి పనిచేస్తున్నారని అందులో తేలింది. తమ సిబ్బందికి నెలకు ఒక్క వారపు సెలవు కూడా దొరకడం లేదని 73.6 శాతం మంది స్టేషన్ అధికారులు చెప్పారు. ఇలా పాతికేళ్లు గడిచాక యాభై ఏళ్ల కానిస్టేబుల్ ఒంట్లో రక్తపోటు, చక్కెర, మోకాళ్ల నొప్పి, నిద్రలేమి చేరితే ఆశ్చర్యపోవలసింది లేదు.

ఫైర్ సిబ్బంది శరీరానికి జరిగే నష్టం మరో రకం. వేసవిలో కొండగడ్డి అంటుకుంటుంది, ఊళ్లో గడ్డివాములు కాలుతాయి, దుకాణాల్లో కరెంటు మంటలు లేస్తాయి. బావిలో పడిన మనిషినో పశువునో పైకి తీయాల్సి వస్తుంది. బరువైన గొట్టం మోస్తూ, పొగలో ఊపిరి బిగబట్టి చేసే పని ఇది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం అగ్నిమాపక వృత్తిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే మెసోథెలియోమాకు, మూత్రాశయ క్యాన్సర్‌కు ఈ వృత్తితో సంబంధం ఉందనడానికి తగినంత ఆధారం దొరికిందని ప్రకటించింది. పొగాకు పొగ, ఆస్‌బెస్టాస్ ఉన్నది కూడా ఆ మొదటి వర్గంలోనే.

ఇంత తేడా ఉన్న ఉద్యోగాలకు కర్ణాటకలో ప్రత్యేకమైన విరమణ వయసు లేదు. 1958 నాటి కర్ణాటక సివిల్ సర్వీసుల నిబంధనలే తాలూకా ఆఫీసు గుమాస్తాకూ, పోలీసు కానిస్టేబుల్‌కూ, ఫైర్‌మన్‌కూ వర్తిస్తాయి. విరమణ వయసు 60 ఏళ్లు. అంతకుముందు 58గా ఉన్నదాన్ని 2008లో పెంచారు. పుట్టిన నెల చివరి రోజు సాయంత్రం ఉద్యోగి సర్వీసు ముగుస్తుంది. నెలలో మొదటి తేదీన పుట్టినవారు అంతకుముందు నెల చివరి రోజునే దిగిపోతారు.

60కి ముందే వెళ్లదలచినవారికి అదే నిబంధనల్లోని 285వ నిబంధన దారి చూపుతుంది. పింఛనుకు లెక్కించదగిన సర్వీసు 15 ఏళ్లు నిండినా, లేదా వయసు 50 నిండినా, ఉద్యోగి స్వచ్ఛందంగా విరమించవచ్చు. దీనికి 3 నెలల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. 2000లో 23వ ఏట చేరిన కానిస్టేబుల్‌కు, సర్వీసులో కోతలేవీ లేకపోతే, 2015లోనే, అంటే 38వ ఏటనే, ఈ అర్హత వచ్చినట్టు. ఆంధ్రప్రదేశ్‌లో 20 ఏళ్లు పూర్తికావాలి కాబట్టి అర్హత విషయంలో కర్ణాటక నిబంధనే ఉదారమైనది.

లెక్కించదగిన సర్వీసు అన్న మాటను జాగ్రత్తగా గమనించాలి. చేరిన రోజు నుంచి నేటివరకూ గడిచిన కాలమంతా అందులోకి రాకపోవచ్చు. జీతం లేని సెలవు, అనుమతి లేకుండా గైర్హాజరైన రోజులు, సస్పెన్షన్ కాలంలో ఉత్తర్వు ప్రకారం డ్యూటీగా పరిగణించని భాగం తీసివేతకు గురికావచ్చు. సర్వీసు రిజిస్టరులో ఎంట్రీలు సరిగా ఉన్నాయో లేదో నోటీసు ఇచ్చే ముందే సరిచూసుకోవాలి. నోటీసు ఇచ్చాక తేలిన లోటును సరిదిద్దడం చాలా కష్టం.

నోటీసు స్టేషన్ నుంచి పై అధికారుల ద్వారా తుమకూరులోని జిల్లా పోలీసు కార్యాలయానికి వెళుతుంది. ఫైర్ సిబ్బంది నోటీసు వారి శాఖాధికారుల ద్వారా వెళుతుంది. శాఖాపరమైన విచారణ నడుస్తున్నా, సస్పెన్షన్‌లో ఉన్నా అనుమతి నిరాకరించే అధికారం ప్రభుత్వానికి ఉంది. అనుమతి వచ్చాక పాత పింఛను పరిధిలో ఉన్నవారి కాగితాలు బెంగళూరులోని అకౌంటెంట్ జనరల్ కార్యాలయానికి చేరతాయి. అక్కడ పింఛను మంజూరు ఉత్తర్వు తయారై, ఖజానా ద్వారా చెల్లింపు మొదలవుతుంది.

నోటీసు ఇచ్చి మనసు మార్చుకున్నవారి సంగతి కూడా చట్టంలో తేలి ఉంది. విరమణ అమల్లోకి వచ్చే తేదీకి ముందే నోటీసును వెనక్కి తీసుకుంటానని ఉద్యోగి అడిగితే, సరైన కారణం లేకుండా అధికారులు దాన్ని తోసిపుచ్చరాదని 1987లో బలరాం గుప్తా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కోపంలోనో, బదిలీ బాధలోనో, ఇంటి చికాకులోనో కాగితం ఇచ్చినవారికి ఈ తీర్పు రక్షణ. తేదీ దాటిపోయాక మాత్రం ఈ రక్షణ ఉండదు.

స్వచ్ఛంద విరమణ వేరు, రాజీనామా వేరు. ఈ భేదం తెలియక నష్టపోయే ప్రమాదం చాలా ఎక్కువ. రాజీనామా చేస్తే అప్పటివరకూ చేసిన సర్వీసు పింఛను లెక్కలో లేకుండా పోతుంది. ఇరవై ఏళ్లు పనిచేసి రాజీనామా చేశాడు కాబట్టి దాన్ని స్వచ్ఛంద విరమణగా చూడాలన్న వాదనను 2019 డిసెంబరులో ఢిల్లీ విద్యుత్ సంస్థ ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు అంగీకరించలేదు. రాసే కాగితంలో రాజీనామా అన్న మాట ఉందా, 285వ నిబంధన కింద స్వచ్ఛంద విరమణ అన్న మాట ఉందా అన్నదాని మీద మిగతా జీవితపు ఆదాయం ఆధారపడి ఉంటుంది.

ఉద్యోగి కోరకపోయినా ప్రభుత్వమే ముందుగా ఇంటికి పంపగల అధికారం కూడా ఇదే నిబంధనలో ఉంది. వయసు 50 నిండినవారిని, లేదా 25 ఏళ్ల సర్వీసు పూర్తయినవారిని ప్రజాప్రయోజనం దృష్ట్యా విరమింపజేయవచ్చు. దీన్ని శిక్షగా చూడకూడదని 1992లో బైకుంఠనాథ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. శిక్ష కాదు కాబట్టి సంపాదించుకున్న పింఛను పోదు. అయితే సర్వీసు రికార్డు మొత్తం చూసి, ముఖ్యంగా చివరి ఏళ్ల పనితీరు చూసి నిర్ణయించాలి తప్ప ఇష్టం వచ్చినట్టు వాడరాదన్నది కూడా ఆ తీర్పులోని మాటే.

గాయపడి, జబ్బుపడి పని చేయలేని స్థితికి వచ్చినవారు వీఆర్‌ఎస్ వైపు తొందరపడకూడదు. శాశ్వతంగా అశక్తుడని వైద్యాధికారులు ధ్రువీకరించినవారికి అశక్తతా పింఛను విడిగా ఉంది. దానికంటే ముఖ్యమైన రక్షణ 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 20వ సెక్షన్. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. చేస్తున్న పనికి తగకపోతే అదే జీతంతో వేరే పనికి మార్చాలి. అలాంటి ఖాళీ లేకపోతే, తగిన స్థానం దొరికేదాకా లేదా విరమణ వయసు వచ్చేదాకా, అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి. ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా కొన్ని సంస్థలకు మినహాయింపు ఇవ్వవచ్చు కాబట్టి తన శాఖకు ఏది వర్తిస్తుందో ఉద్యోగి ముందుగా రాతపూర్వకంగా తెలుసుకోవాలి. మోకాలు విరిగిన కానిస్టేబుల్, ఊపిరితిత్తులు దెబ్బతిన్న ఫైర్‌మన్ స్వచ్ఛంద విరమణ కోరితే ఈ రక్షణను తానే వదులుకున్నట్టవుతుంది.

కుటుంబం వైపు నుంచి చూసినా ఒక నష్టం ఉంది. సర్వీసులో ఉండగా ఉద్యోగి మరణిస్తే, 1996 నాటి కర్ణాటక నిబంధనల ప్రకారం అర్హులైన కుటుంబసభ్యుల్లో ఒకరు కారుణ్య నియామకం కోరవచ్చు. వీఆర్‌ఎస్ తీసుకున్నాక మరణిస్తే ఆ అవకాశం ఉండదు.

ఇంతవరకూ చెప్పినది అర్హత సంగతి. చేతికి వచ్చే డబ్బు సంగతి 2006 ఏప్రిల్ 1 అనే తేదీ దగ్గర రెండుగా చీలుతుంది. ఆ తేదీకి ముందు కర్ణాటక ప్రభుత్వ ఉద్యోగంలో చేరినవారికి పాత పింఛను ఉంది. పూర్తి సర్వీసు చేసినవారికి చివరి మూలవేతనంలో సగం పింఛనుగా వస్తుంది. సర్వీసు తక్కువైతే ఆ నిష్పత్తిలో తగ్గుతుంది. పింఛనులో మూడో వంతు వరకూ ముందే ఏకమొత్తంగా మార్చుకోవచ్చు. అలా మార్చుకున్న భాగం 15 ఏళ్ల తర్వాత తిరిగి కలుస్తుంది. కరువు భత్యం పెరిగినప్పుడల్లా పింఛను పెరుగుతుంది. ఉద్యోగి మరణిస్తే భార్యకో భర్తకో కుటుంబ పింఛను వస్తుంది.

ఆ తేదీన గానీ తర్వాత గానీ చేరినవారు కొత్త పింఛను పథకం, అంటే ఎన్‌పీఎస్ పరిధిలోకి వస్తారు. మూలవేతనం, కరువు భత్యం కలిపి అందులో 10 శాతం ఉద్యోగి, 14 శాతం ప్రభుత్వం ఖాతాలో వేస్తాయి. ఆ సొమ్ము మార్కెట్లో పెట్టుబడిగా పెరుగుతుంది. 60 ఏళ్లకు విరమిస్తే 60 శాతం వరకూ నగదుగా తీసుకుని, కనీసం 40 శాతంతో బీమా సంస్థ నుంచి నెలనెలా వచ్చే యాన్యుటీ కొనాలి. ముందే బయటికి వస్తే ఈ నిష్పత్తి తలకిందులవుతుంది. నగదుగా దక్కేది 20 శాతమే. మిగిలిన 80 శాతం యాన్యుటీలో పెట్టాలి.

ఉదాహరణకు ఖాతాలో 40 లక్షల రూపాయలు ఉన్నాయనుకుంటే, 60వ ఏట వెళ్లేవారికి 24 లక్షల వరకూ నగదు వస్తుంది, 16 లక్షలు యాన్యుటీకి వెళతాయి. అదే 40 లక్షలతో వీఆర్‌ఎస్ తీసుకుంటే నగదు 8 లక్షలే, యాన్యుటీకి 32 లక్షలు. పైగా 45వ ఏట వెళ్లేవారి ఖాతాలో అంత సొమ్ము చేరదు, ఎందుకంటే జీతం బాగా పెరిగే చివరి పదిహేనేళ్ల వాటా అందులో పడి ఉండదు. సాధారణ యాన్యుటీ మీద వచ్చే నెలసరి మొత్తం కరువు భత్యంలాగా ధరలతో పాటు పెరగదు కూడా. పిల్లల చదువులు, పెళ్లిళ్లు ఇంకా ముందున్న వయసులో ఈ లెక్క చాలా బరువైనది.

వెంకటమ్మనహళ్లి దాడి జరిగినప్పుడు సర్వీసులో ఉన్న పోలీసు పాత పింఛను పరిధిలో ఉన్నాడు. ఆ తర్వాత 14 నెలలు తిరక్కముందే పాత, కొత్త పింఛన్ల మధ్య గీత పడింది. గీతకు అవతల చేరిన కానిస్టేబుల్ అదే తాలూకాలో, అదే బందోబస్తులో, అదే తుపాకీతో నిలబడినా అతని ముసలితనపు భద్రత వేరు. 2006లో చేరినవారికి 2021 నుంచి స్వచ్ఛంద విరమణకు అర్హత రావడం మొదలైంది. కాగితం మీద ఇద్దరికీ అదే హక్కు. వాడుకోగలిగేది మాత్రం ఎక్కువగా పాత పింఛను ఉన్నవారే.

ఈ గీత దగ్గర కొందరికి ఊరట దొరికింది. 2006 ఏప్రిల్ 1కి ముందే వెలువడిన నియామక ప్రకటన ద్వారా ఎంపికై, ఆ తేదీ తర్వాత చేరినవారికి పాత పింఛను ఎంచుకునే అవకాశం ఇస్తూ కర్ణాటక ప్రభుత్వం 2024 జనవరిలో ఉత్తర్వు ఇచ్చింది. మిగిలినవారందరికీ పాత పింఛను కావాలన్న ఉద్యోగ సంఘాల కోరిక కోరికగానే ఉంది.

సరిహద్దు దాటి ఆంధ్రప్రదేశ్‌లోకి వెళితే లెక్కలు మారతాయి. అక్కడ విరమణ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022 జనవరి నుంచి 62కి పెరిగింది. తెలంగాణలో 2021లో 58 నుంచి 61కి పెరిగింది. అంటే పావగడ హెడ్ కానిస్టేబుల్ ఇంటికి వెళ్లిన వయసులో మడకశిర హెడ్ కానిస్టేబుల్ ఇంకా రెండేళ్లు డ్యూటీ చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో స్వచ్ఛంద విరమణకు 1980 నాటి పింఛను నియమాల్లోని 43వ నియమం ప్రకారం 20 ఏళ్ల సర్వీసు, 3 నెలల నోటీసు కావాలి. 5 ఏళ్లకు మించకుండా అదనపు సర్వీసు కలుపుతారు. పూర్తి పింఛనుకు 33 ఏళ్లు లెక్క కాబట్టి, 20 ఏళ్లకు వెళ్లేవారికి 5 కలిపి 25 ఏళ్ల పింఛను, అంటే చివరి వేతనంలో సుమారు 38 శాతం వస్తుంది. అది కూడా 2004 సెప్టెంబరు 1కి ముందు చేరినవారికే. ఆ తేదీ నుంచి అక్కడ ఉద్యోగి కూడా వాటా చెల్లించే పింఛను పథకం, అంటే సీపీఎస్ అమల్లోకి వచ్చింది.

విరమణ వయసును తగ్గించడం కూడా తెలుగువారికి కొత్త కాదు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం దాన్ని 58 నుంచి 55కి దించింది. వేలాది మంది ఉద్యోగులు ఒక్కసారిగా ఇంటిదారి పట్టారు, సమ్మెలు జరిగాయి, కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1985 జనవరిలో కె. నాగరాజ్ కేసులో కోర్టు ఆ తగ్గింపు చెల్లుతుందని చెప్పింది. వయసు మాత్రం ఆ తీర్పుకు ముందే మళ్లీ 58కి వచ్చింది. కోరుకున్నవారికి దారి ఇవ్వడం వేరు, కోరనివారిని అందరినీ ఒకేసారి పంపేయడం వేరని ఆ అనుభవం నేర్పింది. పోలీసు, ఫైర్ సిబ్బందికి ముందస్తు విరమణ గురించి ఆలోచించేటప్పుడు ఈ పాఠం మరవకూడదు.

వృత్తిని బట్టి విరమణ వయసు మార్చే పద్ధతి మన దేశంలో సైన్యంలో ఉంది. 2022కి ముందు చేరిన సాధారణ జవాను 15 నుంచి 17 ఏళ్ల సర్వీసు తర్వాత, నలభై దాటకముందే పింఛనుతో బయటికి వస్తాడు. సైన్యం యువకులతో ఉండాలన్నదే దాని ఉద్దేశం. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో దీనికి ఎదురు దిశలో మార్పు జరిగింది. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వంటి బలగాల్లో కమాండెంట్ హోదా వరకూ 57, ఆపైన 60గా ఉన్న భేదం చెల్లదని 2019 జనవరిలో ఢిల్లీ హైకోర్టు తీర్పు ఇచ్చింది. అదే ఏడాది ఆగస్టులో కేంద్రం అందరికీ 60 చేసింది. 2025 ఏప్రిల్ నుంచి కేంద్ర ఉద్యోగులకు వచ్చిన ఏకీకృత పింఛను పథకంలోనూ, స్వచ్ఛంద విరమణ తీసుకున్నవారికి నెలసరి చెల్లింపు వారు మామూలుగా రిటైర్ కావలసిన తేదీ నుంచే మొదలవుతుంది. మధ్యలోని ఏళ్లు పింఛను లేకుండానే గడపాలి.

విదేశాల్లో పద్ధతి వేరు. అమెరికా కేంద్ర ప్రభుత్వంలో నేరపరిశోధన అధికారులు, అగ్నిమాపక సిబ్బంది 20 ఏళ్ల సర్వీసుతో 50వ ఏట, 25 ఏళ్ల సర్వీసుతో ఏ వయసులోనైనా పూర్తి హక్కుతో విరమించవచ్చు. సాధారణంగా 57వ ఏట తప్పనిసరిగా దిగిపోవాలి. అక్కడ కీలకం వయసు ఒక్కటే కాదు, లెక్క కట్టే తీరు. ఇతర ఉద్యోగులకు ఏడాది సర్వీసుకు సగటు వేతనంలో 1 శాతం పింఛను కడితే, వీరికి మొదటి 20 ఏళ్లకు ఏడాదికి 1.7 శాతం కడతారు. 20 ఏళ్లకు అది 34 శాతం అవుతుంది. అందుకు వారి జీతంలో నుంచి అర శాతం ఎక్కువ మినహాయిస్తారు. ముందుగా పంపదలచుకున్నప్పుడు దానికి కావలసిన సొమ్మును కూడా ముందే ఏర్పాటు చేశారన్నమాట.

బ్రిటన్ కథ ఇంకో పాఠం చెబుతుంది. 1987 నాటి పథకంలోని పోలీసులు 30 ఏళ్ల సర్వీసుకు, లేదా 25 ఏళ్ల సర్వీసుతో 50వ ఏట పింఛనుతో వెళ్లేవారు. 2015 పథకంలో మామూలు పింఛను వయసు 60 అయింది. అగ్నిమాపక సిబ్బంది విరమణ వయసును 60కి చేర్చినప్పుడు, ఆ వయసులో మంటల్లోకి దిగేంత దేహదారుఢ్యం ఎంతమందికి ఉంటుందని అడుగుతూ వారి సంఘం 2013 నుంచి సమ్మెలు చేసింది. పింఛను ఖర్చు తగ్గించుకోవాలన్న ప్రభుత్వం మాటా, శరీరం సహకరించదన్న ఉద్యోగి మాటా రెండూ నిజమే. రెంటినీ కలిపే దారి వెతకాలి తప్ప ఒకదాన్ని కాదనలేము.

ముందస్తు విరమణకు ఎదురుగా వినిపించే వాదనలు తేలికగా తీసిపారేయదగినవి కావు. పింఛను భారం రాష్ట్ర బడ్జెట్ మీద పెరుగుతుంది. ఖాళీలు భర్తీ కాని శాఖల్లో అనుభవం ఉన్నవారు వెళ్లిపోతే మిగిలినవారి మీద పని మరింత పడుతుంది. సరిహద్దు తాలూకాలో ఊళ్లూ దారులూ మనుషులూ తెలిసిన పాత హెడ్ కానిస్టేబుల్ విలువ కొత్తవాడికి వెంటనే రాదు. అయితే ఈ వాదనలన్నీ భర్తీ సక్రమంగా జరగాలన్నదానికి, అనుభవాన్ని తగిన చోట వాడుకోవాలన్నదానికి కారణాలు. అలసిన శరీరాన్ని 60 దాకా రాత్రి గస్తీలో నిలబెట్టడానికి అవి కారణాలు కావు.

మరొక వర్గం ఈ చర్చలోకే రాదు. బందోబస్తులో కానిస్టేబుల్ పక్కన నిలబడే హోంగార్డుకు రోజుకూలి భత్యమే తప్ప పింఛను లేదు. అతనికి ముందస్తు విరమణ అంటే ఆదాయం ఆగిపోవడమే.

ఇవన్నీ కలిపి చూస్తే తేలేది ఒకటే. కర్ణాటకలో పోలీసు, ఫైర్ సిబ్బందికి ముందే విరమించే అర్హత ఉంది, కానీ అది వారి వృత్తిని చూసి ఇచ్చినది కాదు. అందరు ఉద్యోగులకూ కుట్టిన చొక్కానే వీరికీ తొడిగారు. 15 ఏళ్లకే తలుపు తెరిచి ఉన్నా, 2006 తర్వాత చేరినవారికి ఆ తలుపు దాటాక నిలబడే నేల చాలదు. ప్రమాదకర వృత్తులకు ఏడాది సర్వీసుకు ఎక్కువ విలువ కట్టడం, ఎన్‌పీఎస్‌లో ప్రభుత్వ వాటాను వారికి పెంచడం, ముందుగా వెళ్లేటప్పుడు 80 శాతం యాన్యుటీ షరతును సడలించడం, 50 దాటినవారికి ఏటా పూర్తి వైద్యపరీక్ష చేసి తేలికైన డ్యూటీలు ఇవ్వడం ప్రభుత్వాలు చేయగలిగిన పనులు. వీటిలో చివరిది కొత్త చట్టం లేకుండానే మొదలుపెట్టవచ్చు.

ఆ మార్పులు వచ్చేదాకా వీఆర్‌ఎస్ ఆలోచనలో ఉన్న ప్రతి ఉద్యోగీ నోటీసు మీద సంతకం చేసేముందు కొన్ని సంగతులు సరిచూసుకోవాలి. చేరిన తేదీ 2006 ఏప్రిల్ 1కి ముందా తర్వాతా? సర్వీసు రిజిస్టరు ప్రకారం లెక్కకు వచ్చే సర్వీసు ఎన్నేళ్లు? విచారణలేవైనా మిగిలి ఉన్నాయా? కారణం అనారోగ్యమైతే వైకల్య రక్షణ, అశక్తతా పింఛను ముందుగా పరిశీలించారా? కాగితంలో రాజీనామా అన్న మాట ఎక్కడా లేదు కదా? ఈ ప్రశ్నలకు జవాబులు రాతలో దగ్గర పెట్టుకుని, ఇంట్లోవారితో కూర్చుని మాట్లాడి, ఆ తర్వాతే నోటీసు ఇవ్వాలి. నోటీసు అమల్లోకి రావడానికి ఉన్న 3 నెలలు పునరాలోచనకు దొరికే చివరి గడువు.